శాలువా కప్పేముందు మైకు చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో ‘నగరంలో నేడు’ శీర్షిక కింద స్మారకోపన్యాసాలు, చర్చాగోష్ఠులు, పుస్తక పరిచయ సభల ప్రకటనలు రోజూ వస్తుంటాయి. మర్నాడు ఒక ఫొటో, మూడు పేరాల వార్త. దాంతో ఆ ఉపన్యాసం ముగిసిపోతుంది. హాల్లో కూర్చున్న ఎనభై మంది విన్నదే విన్నట్టు. కొందరు నిర్వాహకులు ఆ రికార్డింగును పెన్‌డ్రైవులో వేసుకుని దగ్గర్లోని ఆకాశవాణి కేంద్రానికి వెళ్తారు. అది ప్రసారం కాకపోతే పలుకుబడి లేకపోవడమే కారణమనుకుని తిరిగొస్తారు. చాలాసార్లు కారణం అంత పెద్దది కాదు. ఆ రికార్డింగులో ఫ్యాను వినబడుతుంది, చప్పట్లు వినబడతాయి, పక్క వీధిలో హారను కూడా వినబడుతుంది. వక్త మాట మాత్రం వినబడదు.

రేడియోకి ఉపన్యాసం కొత్త కాదు. ఆకాశవాణి సర్దార్ పటేల్ స్మారకోపన్యాసాలు 1955లో మొదలైతే తొలి వక్త రాజాజీ. బీబీసీ రీత్ ఉపన్యాసాలు 1948లో బెర్ట్రాండ్ రసెల్‌తో మొదలై ఇప్పటికీ నడుస్తున్నాయి. అదే ఏడాది డిసెంబరు 1న పుట్టిన విజయవాడ కేంద్రం, 1950 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో నుంచి ఆకాశవాణిగా మారిన హైదరాబాదు కేంద్రం ఎన్ని ప్రసంగాలు, ఎన్ని ఇష్టాగోష్ఠులు వినిపించాయో పాత శ్రోతలకు చెప్పక్కర్లేదు. ‘ఆహూతుల సమక్షంలో’ అన్న మాట వినగానే ఉగాది కవి సమ్మేళనం గుర్తుకొచ్చే తరం ఇంకా ఉంది. అక్కడ సభను రేడియో కోసమే ఏర్పాటు చేసి, శ్రోతలను ఆ తర్వాత పిలిచేవారు. ఇప్పుడు సభ వేదిక కోసం, వేదిక ఫొటో కోసం జరుగుతోంది. రేడియో గుర్తుకొచ్చేది అంతా అయ్యాక. రికార్డింగు చెడిపోవడం అక్కడే మొదలవుతుంది. హాల్లో వినబడడానికి పెట్టిన మైకూ, రేడియోకి పట్టే మైకూ ఒకే పని చేయవు.

ముందు దూరం సంగతి. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైనప్పుడల్లా మైకుకు నేరుగా చేరే మాట ఆరు డెసిబెల్లు (డెసిబెల్ అంటే ధ్వని స్థాయికి కొలత) తగ్గుతుంది. గోడలకు, పైకప్పుకు కొట్టుకుని వచ్చే ప్రతిధ్వని మాత్రం హాలంతా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. కాబట్టి జానెడు దూరం మూరెడైతే మాటకూ ప్రతిధ్వనికీ ఉన్న తేడాలో ఆరు డెసిబెల్లు పోయినట్టే. రెండు మూరలైతే పన్నెండు. హాల్లో కూర్చున్నవాళ్లకు ఇది అంతగా తెలియదు. రెండు చెవులతో, కళ్లెదుట వక్త పెదవులు చూస్తూ వింటారు కాబట్టి బుర్ర ప్రతిధ్వనిని పక్కకు నెట్టేస్తుంది. రేడియోలో ఒకే స్పీకరు, పెదవులు కనబడవు. మాటా ప్రతిధ్వనీ కలిసిపోయి బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఆ తర్వాత కంప్యూటర్‌లో ఎంత కడిగినా అది పూర్తిగా పోదు. టైల్సు నేల, అద్దాల కిటికీలు, నున్నటి గోడలు ఉన్న ఫంక్షన్ హాళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ. హాలు ఖరారు చేసుకునేముందు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట కొట్టి చూడండి. ఆ మోత సెకనుకు మించి సాగితే రేడియో రికార్డింగుకు ఆ హాలు కష్టం. అదే ఊళ్లో గ్రంథాలయపు గది దొరికితే అది మేలు. అల్మరాల్లోని పుస్తకాలు, కిటికీ తెరలు, నిండిన కుర్చీలు మోతను బాగా పీల్చుకుంటాయి.

కాబట్టి వక్త నోటికి మైకు జానెడు దూరంలో ఉండాలి. సూటిగా పెదవుల ముందు కాకుండా నోటి మూలకు కాస్త పక్కగా పెట్టాలి. ఎదురుగా పెడితే ప, ఫ, బ, భ వచ్చినప్పుడల్లా ఊపిరి మైకుకు తగిలి ‘బుఫ్’మంటుంది. స్పాంజి తొడుగు వేసినా పక్కగా పెట్టడమే అసలు మందు. వక్త మధ్యమధ్య అధ్యక్షుడి వైపు తిరిగి మాట్లాడే అలవాటున్నవాడైతే, ఆ తిరిగే వైపునే మైకు ఉంచాలి. పోడియం మీద చెయ్యి చరిచేవాళ్లుంటారు. మైకు స్టాండు కింద మడతపెట్టిన తువ్వాలు వేసినా ఆ దెబ్బ బాగా తగ్గుతుంది. కాగితాలు చదివేవాళ్లకు ఒకవైపే ముద్రించిన, పిన్ను కొట్టని కాగితాలు ఇవ్వాలి. పేజీ తిప్పకుండా పక్కకు జరిపితే చప్పుడుండదు.

ఒకే నోటి ముందు రెండు మైకులు తెరిచి కలపకూడదు. పోడియం మీద చానెళ్ల గొట్టాలు గుత్తిగా ఉన్నా సరే, రికార్డింగుకు వెళ్లేది ఒకటే కావాలి. రెండింటికీ మాట కొద్ది తేడాతో చేరడం వల్ల కొన్ని స్వరాలు ఒకదానినొకటి కొట్టేసుకుని గొంతు రేకు గొట్టంలోంచి వచ్చినట్టవుతుంది. పక్కపక్కన ఇద్దరు కూర్చున్నప్పుడు లెక్క ఇది: నోటికీ మైకుకీ ఎంత దూరమో, ఒక మైకుకీ రెండో మైకుకీ దానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. జానెడు దూరంలో మాట్లాడితే మైకుల మధ్య మూడు జానలు.

కాలరు మైకు సుఖంగా ఉంటుందని చాలామంది దాన్నే అడుగుతారు. తప్పులేదు, ఖద్దరు చొక్కాకు, పట్టుచీర అంచుకు రాసుకోకుండా పెడితే. కానీ మన సభల్లో ఒక ప్రత్యేకమైన గండం ఉంది. వక్త మాట్లాడడం మొదలుపెట్టేముందు శాలువా కప్పుతారు, దండ వేస్తారు. ఆ శాలువా నేరుగా కాలరు మైకు మీద పడుతుంది. తర్వాత నలభై నిమిషాలూ గరగర. ఆయన మర్యాద కోసం శాలువా తీయరు, నిర్వాహకులు మర్యాద కోసం అడగరు. సన్మానం ఉపన్యాసం తర్వాత పెట్టుకోవచ్చు. ముందే జరగాలంటే శాలువా కప్పి, ఫొటో తీసి, దాన్ని మడిచి కుర్చీ మీద పెట్టాక మైకు తగిలించాలి. ఈ ఒక్క జాగ్రత్తతో ఎన్ని రికార్డింగులు బాగుపడతాయో!

ఇక హాలు మైకుసెట్టు నుంచి ధ్వని తీసుకోవడం. స్పీకరు ముందు రికార్డరు పెట్టడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం, కానీ ఇందులోనూ నాలుగు చోట్ల పప్పులో కాలేస్తాం. మైకుసెట్టు ఆపరేటరు తన పని తాను చేసుకుంటాడు. కూత వస్తే తగ్గిస్తాడు, వెనకవాళ్లు వినబడడం లేదంటే పెంచుతాడు. ప్రధాన ఔట్‌పుట్ నుంచి లైను తీసుకుంటే ఆ హెచ్చుతగ్గులన్నీ మన రికార్డింగులోకి వస్తాయి. అందుకని ఫేడరుకు, అంటే ఆపరేటరు ఎక్కించి దించే మీటకు, ముందునుంచే వెళ్లే ఆక్స్ (అదనపు) ఔట్‌పుట్ ఇమ్మని అడగాలి. రెండోది, ఎకో. ఉపన్యాసానికి కూడా కాస్త ఎకో కలిపితే గంభీరంగా ఉంటుందని నమ్మే ఆపరేటర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. రేడియో లైనులో అది సున్నా కావాలి. మూడోది, స్థాయి. మిక్సరు (మైకులన్నిటినీ కలిపే పెట్టె) ఇచ్చే లైను బలం మైకు బలం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని తెచ్చి రికార్డరు మైకు రంధ్రంలో గుచ్చితే మాట పగిలిపోతుంది. రికార్డరులో ‘లైన్’ అని మార్చుకోవాలి. నాలుగోది ‘గుయ్‌’మనే హమ్. మిక్సరు ఒక సాకెట్ నుంచి, మన ల్యాప్‌టాప్ ఛార్జరు ఇంకో సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటే రెండు ఎర్తుల మధ్య తేడా 50 హెర్ట్జ్ మోతగా కేబులులోకి దిగుతుంది. రికార్డరును బ్యాటరీ మీద నడపండి, చాలావరకు పోతుంది. పోకపోతే కేబులు మధ్యలో, రెండు ఎర్తులను విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. హమ్ పోతుందని ఎర్తు పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. అది ప్రాణాల మీదకి తెచ్చే పని. బ్యాటరీతో ఇంకో లాభం: కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపల రికార్డరు ఆరిపోదు, ఫైలు చెడిపోదు.

రికార్డింగు స్థాయి పెట్టేటప్పుడు వక్త మామూలు గొంతు ఎక్కడికి వెళ్తుందో చూసి సరిపెట్టేస్తారు. తెలుగు సభలో అది చాలదు. వచనం చెబుతున్న వక్త ఉన్నట్టుండి పద్యం ఎత్తుకుంటాడు. రాగం తీసిన గొంతు వచనం కన్నా పది డెసిబెల్లు పైకి పోవడం మామూలే. అందుకే రికార్డరు మీటరులో (అందులో సున్నా దాటితే మాట పగులుతుంది) మామూలు మాట శిఖరాలు మైనస్ 18 డెసిబెల్ల దగ్గర, గట్టిగా పలికినప్పుడు మైనస్ 12 దగ్గర ఉండేలా చూసుకుని, పైన చోటు వదలాలి. రెండో ట్రాకో (అదే రికార్డరులో విడిగా రికార్డయ్యే వరస), రెండో రికార్డరో ఉంటే దాన్ని మరో పది డెసిబెల్లు తగ్గించి పెట్టాలి. రికార్డరులో ఎంచుకోవాల్సినవి 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, మోనో (ఒకే చానెల్), కుదించని వేవ్ ఫైలు: గంటకు దాదాపు 520 మెగాబైట్లు. 32 గిగాబైట్ల కార్డులో అరవై గంటలు పడుతుంది కాబట్టి చోటు కోసం ఎంపీ3లోకి దిగాల్సిన పని లేదు. ఫోనులో వాయిస్ నోట్‌గా పట్టినది ప్రసారానికి పనికిరాదు. వక్త ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఫోను తనంతట తానే స్థాయి పెంచి ఫ్యాను మోతను పైకి తెస్తుంది, మాట రాగానే తగ్గిస్తుంది. విన్నవాడికి సముద్రం ఒడ్డున కూర్చున్నట్టుంటుంది.

సభ మొదలయ్యేముందు, జనం కూర్చుని ఫ్యాన్లు తిరుగుతుండగా, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేసి పెట్టుకోండి. ఆ ‘ఖాళీ’ నిమిషం విలువ ఎడిటింగులో తెలుస్తుంది. ఒక ముక్క తీసేసిన చోట శూన్యం వస్తే శ్రోత వెంటనే పసిగడతాడు. ఆ హాలు గాలినే అక్కడ అతికిస్తే అతుకు తెలియదు.

శ్రోతల వైపు తిప్పిన మైకు ఒకటి విడిగా, వేరే ట్రాకులో ఉండాలి. చప్పట్లు, నవ్వులు లేకపోతే ఉపన్యాసం స్టూడియోలో చదివినట్టు చప్పగా ఉంటుంది. వక్త ట్రాకులోనే కలిసిపోతే తగ్గించడం కుదరదు. ప్రశ్నల సమయంలో చేతి మైకు తిప్పేవాడు ప్రశ్నించేవాడి దగ్గరికి చేరేలోపే ప్రశ్న అయిపోతుంది. చేతి మైకు రాకపోతే సభాధ్యక్షుడు ఆ ప్రశ్నను తన మైకులో రెండు వాక్యాల్లో తిరిగి చెప్పాలి. ఇది మర్చిపోతే జవాబులు మాత్రమే మిగిలిన ప్రశ్నోత్తరాలు తయారవుతాయి.

చర్చాగోష్ఠుల కథ వేరు. మన సభల్లో చర్చ అంటే చాలాసార్లు అరడజను ఉపన్యాసాల దండ. ప్రతి వక్తా లేచి సభాధ్యక్షులకు, ముఖ్య అతిథికి, విశిష్ట అతిథికి, ఆత్మీయ అతిథికి, వేదికను అలంకరించిన పెద్దలకు వరసగా నమస్కారాలు చెబుతాడు. ఒక్కొక్కరు నిమిషంన్నర చొప్పున ఆరుగురు చెబితే తొమ్మిది నిమిషాలు. రేడియోలో అరగంట కార్యక్రమానికి చేతికొచ్చేది 28 నిమిషాలు. అందులో పరిచయానికి ఒకటి, ముగింపుకు ఒకటి, సంధానకర్తకు నాలుగు తీసేస్తే 22. నలుగురైతే తలా ఐదున్నర నిమిషాలు, ఆరుగురైతే మూడు నిమిషాల నలభై సెకన్లు. మూడున్నర నిమిషాల్లో ఎవరూ వాదన నడపలేరు, అభిప్రాయం మాత్రం చెప్పగలరు. కాబట్టి ముగ్గురు, మించితే నలుగురు, వాళ్లు కాక సంధానకర్త. ఆహ్వానించాల్సిన ఇతర పెద్దలను మొదటి వరసలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగమనండి. అలుకలుంటాయి, తెలుసు.

శ్రోతకు గొంతే ముఖం. ఒకే వయసు, ఒకే రకం గొంతున్న ముగ్గురు మగవాళ్లను కూర్చోబెడితే పావుగంటయినా ఎవరు ఎవరో తెలియదు. మొదటి పది నిమిషాలూ సంధానకర్త ప్రతిసారీ పేరు పెట్టి పిలవాలి, మధ్యమధ్య ‘వ్యవసాయ శాస్త్రవేత్తగా మీరేమంటారు’ అన్నట్టు వాళ్ల పనిని గుర్తుచేయాలి. ‘ఆయన ఇందాక అన్నట్టు’ అంటే హాల్లో అర్థమవుతుంది, ఇంట్లో కాదు. పరిచయాలు తలా రెండు వాక్యాలు చాలు. బిరుదులు, పురస్కారాల పట్టిక ఆహ్వానపత్రికలో ఎలాగూ ఉంటుంది. రెండో నిమిషంలో మొదటి ప్రశ్న పడాలి.

బల్ల చుట్టూ నాలుగు మైకులు తెరిచి వదిలేస్తే ఒక్క మైకు కన్నా ఆరు డెసిబెల్లు ఎక్కువ హాలు మోత లోపలికి వస్తుంది. మాట్లాడేవారి మైకు తప్ప తక్కినవి సగానికి దింపి ఉంచే మనిషి ఒకరు మిక్సరు దగ్గర ఉండాలి. అంతకన్నా మంచిది, తలో ట్రాకు. ఇంకొక మాట. మనం వినేటప్పుడు ఊఁ కొడతాం. అది మన మర్యాద, కథ చెప్పేవాడికి ఊపు. మైకు ముందు మాత్రం ఆ ఊఁ అవతలివాడి వాక్యం మీద మరకలా అంటుకుంటుంది, తర్వాత ఆ వాక్యాన్ని ఎక్కడా కత్తిరించలేం. తల ఊపమని ముందే చెప్పాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మోనోలో రెండూ పోతాయి. అలాంటప్పుడు సంధానకర్త చెయ్యెత్తి ఆపి, ‘ముందు మీరు, తర్వాత మీరు’ అని పైకే అనాలి. అందరి ముఖాలూ, గోడ గడియారమూ కనబడే చోట ఆయన కూర్చోవాలి.

కంటికి సంబంధించిన మాటలన్నీ చెవిలోకి మార్చుకోవాలి. ‘ఈ పటంలో ఎర్రగీత చూడండి’ అన్న చోట రేడియో శ్రోత గుమ్మం బయటే నిలబడిపోతాడు. ‘ఎర్రగీత శ్రీశైలం నుంచి కిందికి దిగుతోంది’ అంటే లోపలికొస్తాడు. ఒక వాక్యంలో ఒక అంకెకు మించి పట్టదు. 3,47,000 అనడం కన్నా మూడున్నర లక్షలు అనడం మేలు. పద్యం చదివితే ఎవరిదో ముందు చెప్పాలి, తర్వాత ఇంకోసారి చెప్పాలి. యాసను మాత్రం ఎవరూ సరిదిద్దకండి. శ్రీకాకుళం వక్త శ్రీకాకుళం మాటలోనే, కరీంనగర్ వక్త కరీంనగర్ మాటలోనే చెప్పాలి. రేడియో కోసమని తెచ్చిపెట్టుకున్న పుస్తక భాష మైకులో వెంటనే బయటపడుతుంది.

గంటన్నర సభను 28 నిమిషాలకు తెచ్చేటప్పుడు చేయకూడనివి రెండు. వేగం పెంచకూడదు. తెలుగులో వాక్యం చివరి దాకా వినకుండా కోయకూడదు. మన వాక్యంలో క్రియ చివర్న ఉంటుంది. ‘చేసి, వెళ్లి, అడిగితే’ అన్న చోట కోస్తే వాక్యం గాల్లో వేలాడుతుంది. అంతకన్నా ప్రమాదం, కాదూ లేదూ కూడా చివర్నే రావడం. ‘ఆ ప్రాజెక్టు వల్ల ఊళ్లు మునిగాయని నేననడం లేదు’ అన్న దానిలో చివరి రెండు మాటలు తెగితే వక్త అననిది అన్నట్టవుతుంది. ‘అన్నాడట’లోని ‘ట’ ఒక్కటి పోయినా పుకారు సాక్ష్యమైపోతుంది. కోసినవాళ్లు కాక మరొకరు, అసలు రికార్డింగు విననివాళ్లు, తుది రూపం విని చూడాలి. నిడివి తగ్గించిన సంగతి అనౌన్సరు చెప్పాలి: ‘ఉపన్యాసం నుంచి కొన్ని భాగాలు’ అంటే చాలు. ‘అంటే’, ‘మరి’, ‘చూడండీ’ లాంటివి అన్నీ ఏరేస్తే మనిషి పోయి పాఠం మిగులుతుంది. కొన్ని వదిలేయండి.

ప్రసార నియమావళి సంగతి వక్తలకు ముందే చెప్పకపోవడం మరో తప్పు. ఆకాశవాణి నియమావళి ప్రకారం రాజకీయ పార్టీని పేరు పెట్టి విమర్శించడం, మతాలను కులాలను కించపరచడం, మిత్రదేశాలను విమర్శించడం, కోర్టు ధిక్కారం, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల మీద ద్వేషపూరిత విమర్శ కుదరవు. ఈ చివరి నియమం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. రేడియో చర్చలు చప్పబడడానికి అదొక కారణమనే మేమనుకుంటాం. కానీ ఉన్నంతవరకు దాన్ని తెలుసుకుని మాట్లాడడమే తెలివి. వక్త నోరుజారి పార్టీ పేరెత్తితే సంధానకర్త అక్కడే ఆపి, ‘పేరు లేకుండా విషయం మళ్లీ చెప్పండి’ అనాలి. మొదటిది తీసేసి రెండోది ఉంచవచ్చు. అక్కడ ఊరుకుంటే ఎడిటింగులో ఆ వాక్యం పోతుంది, దానికి అవతలివాడిచ్చిన జవాబు తలా తోకా లేకుండా మిగులుతుంది.

హక్కుల విషయంలో నిర్వాహకులకు గట్టి అపోహ ఉంది: హాలు అద్దె మనం కట్టాం, దారి ఖర్చులు మనమిచ్చాం, కాబట్టి ఉపన్యాసం మనది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1983లో చేసిన సవరణ ప్రకారం బహిరంగంగా చేసిన ప్రసంగానికి తొలి హక్కుదారు దాన్ని చేసిన వ్యక్తే, వేరొకరి తరఫున చేసినదైతే తప్ప. ఏర్పాటు చేసినవారికి హక్కు రాదు. అదే చట్టం ‘ప్రదర్శకుల’ జాబితాలో నటులు, గాయకులు, గారడీవాళ్లు, పాములు ఆడించేవాళ్ల సరసన ఉపన్యాసకుడినీ కూర్చోబెట్టింది. ఆ హక్కు యాభై ఏళ్లుంటుంది. కాబట్టి సభ రోజునే వక్తతో ఒక కాగితం మీద సంతకం తీసుకోవాలి: పూర్తిగానా, భాగాలుగానా; రేడియోలోనేనా, ఇంటర్నెట్‌లో కూడానా; మళ్లీ ప్రసారం చేయవచ్చా; భద్రపరచవచ్చా. చర్చలో పాల్గొన్న ప్రతి ఒక్కరి సంతకమూ కావాలి, ఒక్కరిది లేకపోయినా కార్యక్రమం ఆగుతుంది. ప్రార్థనగీతం సినిమా బాణీలో ఉంటే దాన్ని తీసేయండి, అదో తలనొప్పి.

పంపేముందు ఒక పరీక్ష. హైదరాబాదు 738, విజయవాడ 837, విశాఖ 927, కడప 900 కిలోహెర్ట్జ్‌ల మీద వినిపించే మీడియం వేవ్‌లో ధ్వని నాలుగున్నర, ఐదు కిలోహెర్ట్జ్‌లు దాటి వెళ్లదు. ఎఫ్ఎంలో పదిహేను దాకా వెళ్తుంది. శ, ష, స తేడా తెలిపే ధ్వని చాలావరకు ఆ పై భాగంలోనే ఉంటుంది. కాబట్టి కంప్యూటర్‌లో నాలుగున్నర కిలోహెర్ట్జ్‌ల పైదంతా కోసేసి, చిన్న స్పీకరులో, వంటింట్లో కుక్కరు విజిల్ వేస్తుండగా వినండి. మాట తెలిస్తే పంపండి. హెడ్‌ఫోన్లలో బాగుందని సంతోషపడితే చాలదు.

ఫైలు పేరు ‘న్యూ రికార్డింగ్ 4’ అని ఉంటే అది ఏడాది తర్వాత ఎవరికీ అక్కరకు రాదు. తేదీ, ఊరు, వక్త, విషయం, నిడివి పేరులోనే ఉండాలి. కోయని అసలు రికార్డింగును రెండు చోట్ల విడిగా దాచాలి. టేపుల కాలంలో పాతదాన్ని చెరిపి దాని మీదే కొత్తది రికార్డు చేయడం వల్ల పోయిన గొంతులెన్నో. ఇప్పుడు చోటుకు కొరత లేదు.

ఆకాశవాణి కేంద్రాలకు మా విన్నపం: బయటి సభల రికార్డింగులు ఏ రూపంలో, ఎంత నిడివిలో, ఏ సంతకాలతో తీసుకుంటారో ఒక్క పేజీలో తెలుగులో రాసి గేటు దగ్గరా, వెబ్‌సైటులోనూ పెట్టండి. వారంలో ఒక రోజు, ఒకే సమయం ఈ ఉపన్యాసాలకు కేటాయించి, వార్తల ప్రత్యేక బులెటిన్ వచ్చినప్పుడల్లా దాన్నే బలివ్వకండి. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు కూడా మీ కేంద్రాన్ని వింటున్నారు. ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఈ ఉపన్యాసాలు కూడా వింటారు.

సంపాదకులకు మా విన్నపం ఇంకా చిన్నది. ఒకప్పుడు తెలుగు దినపత్రికల్లో రోజూ రేడియో కార్యక్రమాలు వేసేవారు. ఆకాశవాణి కూడా తన కార్యక్రమాల కోసం ‘వాణి’ అనే పత్రిక నడిపింది. ఇప్పుడు రెండూ లేవు. ఉపన్యాసమో చర్చో ఉన్న రోజున ‘నగరంలో నేడు’ కిందే నాలుగు లైన్లు చాలు: ఎవరు, దేని మీద, ఎన్ని గంటలకు, ఏ కేంద్రం. మొదటి లైను సమయంతో మొదలుపెట్టి, పక్కన కిలోహెర్ట్జో మెగాహెర్ట్జో కూడా వేయండి.

ఇట్లు,
రేడియో శ్రోతలం, ధ్వనిముద్రణ పనివాళ్లం కొందరం